అటక మీది కాన్సంట్రేటర్‌ను గురకకు వాడాలంటే

2021 కోవిడ్‌లో కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా చాలా ఇళ్లలో ఇంకా అటక మీదే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా స్లీప్ ఆప్నియా, అంటే గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, అని తేలగానే, మూతికి మాస్కు బిగించుకునే సీప్యాప్ కంటే ముక్కులో సన్న గొట్టం నయం కదా అని దాన్ని కిందికి దించుతారు. డాక్టరు రాసిస్తే దించొచ్చు. ముందు అది చేసే పనేమిటో, చేయలేని పనేమిటో తెలియాలి.

నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా ఊపిరి ఆడదు. పంట బోదెలో గుర్రపుడెక్క పేరుకుపోతే హెడ్ స్లూయిస్ దగ్గర ఎంత నీరు వదిలినా చేలోకి చుక్క దిగదు, డెక్క లాగాల్సిందే. సీప్యాప్ ఆ డెక్క లాగే పని చేస్తుంది: 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో గాలిని తోసి గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. కాన్సంట్రేటర్ దారి తెరవదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ పెంచుతుంది కాబట్టి, ఊపిరి ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ శాతం అంత లోతుకు పడదు. గురక, ఉలిక్కిపడి లేవడం, పగటి తూగు దాదాపు అలాగే ఉంటాయి. పైగా ఆక్సిజన్ పడిపోవడం కూడా మెదడును లేపే గంటే. అది ఆలస్యంగా మోగితే ఊపిరి ఆగే సమయం ఇంకాస్త సాగొచ్చు. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, 12 వారాల్లో సీప్యాప్ వాడినవాళ్ల బీపీ తగ్గింది, రాత్రిపూట ఆక్సిజన్ ఒక్కటే వాడినవాళ్లకు తగ్గలేదు.

మరి ఎవరికి రాస్తారు? సీప్యాప్ పెట్టినా శాతం 88 దాటనివాళ్లకు, సీవోపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) కూడా ఉన్నవాళ్లకు, గుండె బలహీనతతో మెదడు నుంచే ఊపిరి సంకేతం తప్పుతున్న కొందరికి. ఏ మాస్కూ పడనివాళ్లకు రెండో దారిగా కూడా రాస్తారు.

ముందు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని రికార్డు చేసే పరీక్ష, కావాలి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది లేదా బాగా తగ్గుతోంది అన్న లెక్క, అంటే ఏహెచ్‌ఐ, 5 నుంచి 15 లోపు తక్కువ స్థాయి, 30 దాటితే తీవ్రం. బాగా లావున్నవాళ్లు, సీవోపీడీ ఉన్నవాళ్లు, పొద్దున్నే తలనొప్పితో లేచేవాళ్లు రక్తంలో బైకార్బొనేట్ చూపించుకోవాలి. అది 27 లేదా అంతకు మించి ఉంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో ఏబీజీ (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్ష) చేసి తేల్చుకోవాలి. ఇలాంటివాళ్లకు ఇంట్లో సొంతంగా ఆక్సిజన్ పెట్టడం ప్రమాదం. ఆక్సిజన్ మీద ఉన్న మనిషి మత్తుగా ఉండి, పిలిస్తే సరిగ్గా పలకకపోతే లీటర్లు పెంచొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక మిషన్. లోపలి జియోలైట్ గుళికలు గాలిలోని నత్రజనిని పట్టేసి ఆక్సిజన్‌ను వదులుతాయి. వాటికి తేమ శత్రువు. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో మూడు నాలుగేళ్లు మూల పడేసిన మిషన్ ఆన్ అవుతుంది, చప్పుడు చేస్తుంది, గ్లాసు నీళ్లలో గొట్టం ముంచితే బుడగలూ వస్తాయి. కానీ ఆ బుడగలు ఉత్త గాలివి కావచ్చు. ఆక్సిజన్ ఎనలైజర్‌తో స్వచ్ఛత చూపించండి. మంచి మిషన్ 93 శాతానికి మూడు అటూ ఇటూ చూపిస్తుంది. 85 కంటే తక్కువైతే గుళికలు మార్చాలి. ఫిల్టర్ స్పాంజి వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

గోడకు అడుగు దూరంలో, దోమతెర బయట పెట్టండి. దోమల చక్రం, అగరొత్తి, దీపం, చుట్ట ఆ గదిలో వద్దే వద్దు. మిషన్ ఆడుతుండగా గొట్టం పరుపు మీద వదిలేస్తే బట్టల్లో ఆక్సిజన్ చేరి నిప్పురవ్వకే భగ్గుమంటుంది. ముక్కు ఎండితే వాజిలిన్, కొబ్బరినూనె రాయకూడదు, నీటి ఆధారిత జెల్ రాయాలి.

నిమిషానికి ఎన్ని లీటర్లన్నది డాక్టరు చెప్పినట్టే, మామూలుగా 1 లేదా 2. లీటర్లు చూపే ఫ్లోమీటర్‌కు కళ్లు సమానంగా పెట్టి బంతి మధ్యభాగం గీత మీదకు వచ్చేలా తిప్పండి. ఆక్సిజన్‌కు తేమ పట్టించే నీళ్ల సీసా 4 లీటర్ల లోపు చాలామందికి అక్కర్లేదు. పెడితే డిస్టిల్డ్ వాటర్ రోజూ మార్చాలి, ఉప్పు బోరు నీళ్లు పోయొద్దు. మూత వంకరగా బిగిస్తే ఆక్సిజన్ అక్కడే కారిపోతుంది. సీసా తర్వాతి గొట్టాన్ని ఒక్క క్షణం మడిచి పట్టుకోండి, సీసా మీది వాల్వు ఈల వేస్తే బిగింపు సరిగ్గా ఉన్నట్టు, వేయకపోతే విప్పి మళ్లీ బిగించాలి.

సీప్యాప్‌తో కలిపి ఇవ్వమంటే సీప్యాప్ మిషన్‌లో గాలి బయటికొచ్చే మూతికీ దాని పెద్ద గొట్టానికీ మధ్య ఆక్సిజన్ అడాప్టర్ పడుతుంది. ముందు సీప్యాప్ ఆన్, తర్వాతే ఆక్సిజన్. ఆపేటప్పుడు ముందు ఆక్సిజన్, ఆ తర్వాత సీప్యాప్. ఈ వరస తిరగబడితే ఆగిన సీప్యాప్ లోపల ఆక్సిజన్ నిండి, ఆన్ చేసినప్పుడు అంటుకునే ప్రమాదం ఉంది.

పొద్దున లేచాక వేలికి ఆక్సీమీటర్ పెట్టి 97 ఉందనుకుంటే లాభం లేదు, జబ్బు నిద్రలోనే ఉంది. రాత్రంతా రికార్డు చేసే ఆక్సీమీటర్ కట్టి గ్రాఫ్ చూడండి. సగటు 94 ఉన్నా గీత రంపం పళ్లలా ఉంటే ఊపిరి ఆగుతూనే ఉంది.

పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట కల్లూ మందూ మానడం, బరువు తగ్గడం ఎలాగూ చేయాలి. పదో వంతు బరువు తగ్గితే ఏహెచ్‌ఐ పావు వంతు దాకా తగ్గుతుందని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది.

కరెంటు లెక్క తుఫాను రోజుల్లో తెలుస్తుంది. 5 లీటర్ల మిషన్ 350 వాట్ల దాకా లాగుతుంది, ఎనిమిది గంటలకు మూడు యూనిట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ మీద మూడు, నాలుగు గంటలే. చెరువుల మోటార్లు ఆడే లైనైతే స్టెబిలైజర్ తప్పదు. కరెంటు పోయినప్పటికి ఉంచుకునే 1500 లీటర్ల బీ టైపు ఆక్సిజన్ సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది, గొలుసుతో గోడకు కట్టి ఉంచండి. తేమ పెట్టె ఆపిన సీప్యాప్‌కు 30 నుంచి 60 వాట్లు చాలు, అదే ఇన్వర్టర్ మీద తెల్లవార్లూ ఆడుతుంది. మాస్కు పడటం లేదని దాన్ని పక్కన పెట్టినవాళ్లు సైజు మార్పించి, ముక్కు దిండ్ల రకం (నాసల్ పిల్లోస్, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే మాస్కు) ఒకసారి వేసి చూశాకే కాన్సంట్రేటర్ సంగతి అడగండి.