అనుకోని గర్భం: నిర్ణయానికి ముందు చూసుకోవలసినవి

స్కానింగ్ చేయించుకోకుండా మందుల దుకాణంలో గర్భస్రావం మాత్రలు కొని మింగవద్దు. గర్భం గర్భసంచిలో కాక అండం వచ్చే నాళంలో నిలిచి ఉంటే ఆ మాత్రలు పనిచేయవు. రక్తం కనబడగానే గండం గడిచిందనుకుంటారు. లోపల నాళం పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంతకు మించిన పొరపాటు లేదు.

వారాలను నెల తప్పిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించండి. చట్టప్రకారం గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆపైన 24 వరకు కొన్ని పరిస్థితుల్లోనే, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే.

18 ఏళ్లు నిండితే మీ సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగదు. పెళ్లి కాలేదన్న కారణంతో 24 వారాల వెసులుబాటు నిరాకరించకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), పాతనగరంలోని ఘోషాసుపత్రి ప్రభుత్వానివే. మీ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. సిగ్గుపడి వారాలు పోగొట్టుకోకండి.

కని, పెంచలేననుకుంటే బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి. తెలిసినవారి చేతికి నేరుగా ఇస్తే ఆ గడువూ ఉండదు, రక్షణా ఉండదు.

మాత్రలు వేసుకున్నాక వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండేసి ప్యాడ్లు పూర్తిగా తడిస్తే వెంటనే 108కి ఫోను చేయండి.