ఇంట్లో కోళ్లు: 6వ పాఠం – నీళ్ల స్నానం, ఆరబెట్టడం

పోయిన పాఠంలో కోడిని బెదరగొట్టకుండా చేతిలోకి తీసుకోవడం, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ పట్టు ఇంకా కుదరకపోతే ఈ పాఠం కొన్నాళ్లు ఆపండి. తడిసిన కోడి చేతిలో జారిపోతుంది. బెదిరి రెక్కలు కొట్టుకుంటే దానికీ దెబ్బ, మనకీ గీరుళ్లు. రోజూ కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకుని గింజలు తినిపిస్తూ ఉండండి. అది మీ చేతిలో కళ్లు మూసుకునేంత నెమ్మదించాక ఈ పని మొదలుపెట్టవచ్చు.

అసలు స్నానం కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు. కోడి తన స్నానం తనే మట్టిలో చేసుకుంటుంది. పొడి మన్ను కనిపిస్తే గుంట చేసుకుని, పక్కకు ఒరిగి, కాళ్లతో దుమ్ము ఎగజిమ్ముకుంటూ ఈకల సందుల్లోకి పంపుకుంటుంది. తర్వాత లేచి ఒళ్లంతా దులుపుకుంటుంది. ఎక్కువైన జిడ్డూ కొన్ని పేలూ ఆ దుమ్ముతోనే రాలిపోతాయి. తోక మొదట్లో పైవైపున చిన్న నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో అక్కడ ఒత్తుకుని ఆ నూనెను ఈకలకు పట్టించుకుంటుంది. నాలుగు చినుకులు పడినా నీళ్లు చర్మం దాకా దిగకపోవడానికి కారణం ఈకల అల్లికా, ఆ నూనే. షాంపూ పెట్టి కడిగితే ఆ నూనె పోతుంది. తిరిగి పట్టించుకోవడానికి దానికి రోజులు పడుతుంది. అందుకే వారం వారం తలంటు పోయడం కోడికి మేలు కాదు.

డాబా మీద పెంచేవాళ్ల కోళ్లకు మట్టి దొరకదు. వెడల్పాటి టబ్బులో జానెడు లోతున పొడి మట్టి, సన్న ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి వాన పడని చోట పెట్టండి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ కాల్చిన బూడిద మాత్రం వాడకండి. ఈ టబ్బు పెట్టాక చాలా ఇళ్లలో నీళ్ల స్నానం మాటే రాదు.

మరి ఎప్పుడు కావాలి? రెట్ట వెనక ఈకలకు అంటుకుని గడ్డకట్టినప్పుడు తప్పకుండా కావాలి. వానాకాలంలో దాన్ని అలా వదిలేస్తే ఈగలు వాలి గుడ్లు పెడతాయి. ఒక రోజు లోపే పురుగులు పట్టి చర్మాన్ని తినేస్తాయి. నేను ఈ పాఠం రాయడానికి మొదటి కారణం ఇదే. మురుగులోనో బురదలోనో పడినప్పుడు, ఒంటికి నూనె అంటినప్పుడు కూడా కడగాలి. పాదాల దాకా ఈకలుండే బ్రహ్మ, కొచ్చిన్, సిల్కీ జాతులకు కాళ్ల వరకు అప్పుడప్పుడు కడగాల్సి వస్తుంది.

గుడ్డు బయటికి రాక ముక్కుతూ కూర్చున్న పెట్టకు కూడా వెచ్చని నీళ్లు సాయపడతాయి. పొట్ట మునిగేలా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెడితే కండరాలు వదులవుతాయి. పొట్ట నొక్కకండి, లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లలో కూర్చోబెట్టాక కూడా కొన్ని గంటల్లో గుడ్డు రాకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎప్పుడు చేయకూడదు

కోడిపిల్లలకు స్నానం వద్దు. పుట్టిన మొదటి వారం వాటికి చుట్టూ 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తడిస్తే అది నిమిషాల్లో పోతుంది. వెనక రెట్ట అంటుకుని మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో అక్కడి వరకు నానబెట్టి తుడవండి, వెంటనే ఆరబెట్టి లైటు కిందికి చేర్చండి. పొదిగే పెట్టను, ఈకలు రాలుస్తున్న కోడిని కూడా కదపకండి. కొత్తగా మొలుస్తున్న ఈక మొదట్లో రక్తం ఉంటుంది, అది విరిగితే కారుతుంది.

మెడ ముడుచుకుని మూలన నిలబడ్డ కోడికి, నోరు తెరిచి గురకతో ఊపిరి తీస్తున్నదానికి, పచ్చగా పారుకుంటున్నదానికి స్నానం మందు కాదు. కొక్కెర తెగులు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. దాన్ని వేరు చేసి డాక్టరుకు చూపించండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలా మీ చుట్టుపక్కల కోళ్లు గుంపుగా చనిపోతున్నాయని తెలిస్తే ఇంట్లో కోడి కాస్త మురికిగా ఉన్నా ముట్టుకోకండి, ముందు పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

నీళ్లు పెట్టేముందు

ఎండ బాగా కాసే రోజు చూసుకుని ఉదయం తొమ్మిది, పది మధ్య మొదలుపెట్టండి. సాయంత్రం చేసిన స్నానం రాత్రి చలిలోకి తడి ఈకలతో పోతుంది. ముసురు పట్టిన రోజు, పుష్యమాసపు చలిగాలుల రోజు వాయిదా వేయండి. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం కూడా వద్దు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే ఒళ్లు చల్లబరుచుకునే ముఖ్యమైన దారి. తడి తువ్వాల్లో చుట్టి ఎండలో పెడితే అదీ చాలదు.

వంటగది సింకులో ఈ పని చేయకండి. కోడి రెట్టలో మనకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. దీనికంటూ రెండు టబ్బులు విడిగా పెట్టుకోండి. అడుగున పాత గోనెపట్టా పరవండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా ముఖ్యం. కోడి బెదిరేది నీళ్లకు కాదు, కాలి కింద జారుడుకు. గోళ్లకు పట్టు దొరికితే నిలబడుతుంది.

నీళ్ల వేడి దగ్గర చాలామంది పొరబడతారు. మన ఒంటి వేడి 37 డిగ్రీలు, కోడిది 41 చుట్టూ ఉంటుంది. మన చేతికి హాయిగా అనిపించే గోరువెచ్చని నీళ్లు దానికి చల్లగానే తగులుతాయి. 38 నుంచి 40 డిగ్రీల మధ్య, అంటే మోచేతికి స్పష్టంగా వెచ్చగా తెలిసేలా ఉండాలి, చురుక్కుమనకూడదు. లోతు పొట్ట మునిగేంత చాలు, వీపు పైనే ఉండాలి.

కడగడం

ముందు కాళ్లు, తర్వాత పొట్ట నీళ్లలోకి దించండి. ఒక చెయ్యి రెక్కల మీద ఉండనివ్వండి. కొద్దిసేపటికి చాలా కోళ్లు కళ్లు మూసుకుని మత్తుగా అయిపోతాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ తల నీళ్లలోకి వాలిపోతుంది. ఆ సమయంలో ఫోన్ ఎత్తడానికి కూడా పక్కకు వెళ్లొద్దు.

అంటుకున్న రెట్టను పది నిమిషాలు నానబెట్టి వేళ్లతో నలపండి. పీకితే పలచటి చర్మం చిరుగుతుంది, రక్తం కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి. ఎంతకీ రాకపోతే చర్మం ఎక్కడుందో చూసుకుని, మొన లేని కత్తెరతో ఈకలే కత్తిరించండి. పిల్లల షాంపూ కొన్ని చుక్కలు చాలు. కుంకుడు రసం కంట్లో పడితే మంట, కాబట్టి నేను వాడను. ఫినాయిల్, డెట్టాల్, కిరోసిన్ అసలు వద్దు, ఒంటి మీద మిగిలింది ఈకలు దువ్వుకునేటప్పుడు కడుపులోకే పోతుంది. తల నుంచి తోక వైపే నిమరాలి. ముఖాన్ని తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది, ముక్కు రంధ్రాల్లోకి చుక్క కూడా వెళ్లకూడదు.

రెండో టబ్బులో అంతే వేడి నీళ్లతో మగ్గుతో పోస్తూ నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. ఈకలు తడిసి చర్మం కనిపించే ఈ సమయంలోనే వెనక భాగం, రెక్కల కింద వెతకండి. ఈకల మొదళ్ల దగ్గర తెల్లగా గుత్తులుగా ఉంటే అవి పేల గుడ్లు. స్నానంతో అవి పోవు, డాక్టరు చెప్పిన మందు వాడాలి. పగలు గూటి పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగే ఎర్ర పురుగులు కోడి మీద అసలు కనిపించకపోవచ్చు. వాటి కోసం రాత్రి టార్చి వేసి, కోళ్లు వాలే కర్ర కింద చూడాలి.

ఆరబెట్టడం

ఈ పాఠంలో అసలు పని ఇదే. కడగడానికి అరగంట పడితే ఆరబెట్టడానికి పూట పట్టవచ్చు. అంత తీరిక లేని రోజు కోడిని తడపకండి.

ముందుగా టబ్బు మీదే పట్టుకుని నీళ్లు కారనిచ్చి, పాత పంచె గుడ్డలోనో నూలు తువ్వాల్లోనో చుట్టండి. చుట్టడంలో ఒక ప్రమాదం ఉంది. మనకున్నట్టు కోడికి ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరికి సాయపడే కండరపు పొర ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. పసిపిల్లను చుట్టినట్టు బిగించి చుట్టినా, రొమ్మును గట్టిగా అదిమినా ఊపిరి ఆగిపోతుంది. రెక్కలు విప్పుకోకుండా ఉండేంత వదులుగా చుట్టండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. రుద్దకుండా అద్దండి, రుద్దితే ఈకలు చిక్కుపడి విరుగుతాయి. గుడ్డ తడిసిన కొద్దీ మార్చండి.

తర్వాత ఎండ. ఇందుకు మన వెదురు గంపను మించింది లేదు. సందుల్లోంచి గాలీ ఎండా వస్తాయి, గద్దా పిల్లీ దగ్గరికి రావు. గంప సగం ఎండలో, సగం నీడలో ఉండేలా పెడితే కోడి తనకు కావలసిన వైపు జరుగుతుంది. కింద మట్టి కాకుండా పొడి గోనె వేయండి. తడి ఒంటితో దుమ్ములో పొర్లితే మళ్లీ బురదే.

హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడి మీద, అడుగు దూరం నుంచి, ఒకచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మధ్యలో మీ చెయ్యి అడ్డుపెట్టి వేడి చూసుకోండి. కొన్ని డ్రయ్యర్ల లోపల, కొన్ని వేడి దీపాల మీద టెఫ్లాన్ లాంటి పూత ఉంటుంది. అది బాగా వేడెక్కితే వచ్చే పొగ ఊపిరితిత్తులను దెబ్బతీసి పక్షులను చంపేస్తుంది. కొత్త డ్రయ్యర్‌ను ముందు మరో గదిలో వేసి చూడండి, వాసన వస్తే కోడి దగ్గరికి తేవద్దు. పూత ఉందో లేదో తేల్చుకోలేకపోతే ఎండకే వదిలేయండి. ఫ్యాను కింద మాత్రం పెట్టకండి, ఆరేకంటే ముందు చలి పడుతుంది.

పైన పొడిగా కనిపించిందని గంప ఎత్తేయకండి. పై ఈకలు ముందే ఆరిపోతాయి. లోపలి నూగు మాత్రం తడిగానే ఉంటుంది, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య, రెక్కల సందున. ఈకలు విడదీసి వేలి వెనక భాగం చర్మానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

ఆరుతున్నంత సేపూ కోడి తన పరిస్థితి తనే చెబుతుంది. ఈకలు పొంగించుకుని, మెడ లోపలికి లాక్కుని వణుకుతుంటే చలి వేస్తోంది. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కిపోయింది, నీడలోకి జరిపి తాగడానికి నీళ్లు పెట్టండి. స్థిమితంగా ఈకలు దువ్వుకోవడం మొదలుపెట్టిందంటే ఇక టెన్షన్ అక్కర్లేదు.

జాతిని బట్టి తేడా చాలా ఉంటుంది. అసీల్‌కు ఈకలు పొట్టిగా, ఒంటికి అంటుకుని ఉంటాయి కాబట్టి తొందరగా ఆరుతుంది. రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన కేంద్రంలో రూపొందిన వనరాజా, గ్రామప్రియలకు ఇంకాస్త సమయం పడుతుంది. సిల్కీ సంగతి పూర్తిగా వేరు. దాని ఈకల పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచే కొక్కేలు ఉండవు, నీళ్లు నేరుగా చర్మానికి దిగిపోతాయి. సిల్కీని డ్రయ్యర్ లేకుండా పూర్తిగా తడపవద్దని నా గట్టి సలహా. చిన్న వానకు తడిసినా దాన్ని ఇలాగే ఆరబెట్టాలి.

పూర్తిగా ఆరాకే గుంపులో కలపండి. తడిసి రూపు మారిన కోడిని మిగతావి కొత్తదనుకుని పొడుస్తాయి. టబ్బులు కడిగి ఎండలో బోర్లించండి, మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఈ వారం సాధన

ఈసారి నీళ్లు వద్దు. ఖాళీ టబ్బులో గోనె వేసి, కోడిని అందులో నిలబెట్టి గింజలు పెట్టండి. రెండో రోజు నుంచి తువ్వాలు వదులుగా చుట్టడం అలవాటు చేయండి, రొమ్ము కదులుతోందో లేదో గమనించండి. డ్రయ్యర్ వాడాలనుకునేవాళ్లు దాన్ని గది చివర ఆన్ చేసి ఆ చప్పుడు అలవాటు చేయండి. ఇదే సమయంలో వెనక ఈకలు, పాదాలు చూసి ఏం కనిపించిందో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో గోళ్లు కత్తిరించడం, పాదాల కింద వచ్చే నల్లటి పొక్కును గుర్తుపట్టడం నేర్చుకుంటాం, ఆ రాతలు అప్పుడు పనికొస్తాయి.