మన పేట సోషల్ నెట్‌వర్క్ – 3వ పాఠం: పోస్టు ఎక్కడ ఆగాలి?

పోయిన పాఠంలో మూడు సర్వర్లు కాగితం మీద గీసుకున్నాం. విశాఖలోని ఎంవీపీ కాలనీకి ఒకటి, గాజువాకకి ఒకటి, పెదజాలారిపేటకి ఒకటి. ఒక సర్వర్‌లోని మనిషిని ఇంకో సర్వర్ వెబ్‌ఫింగర్ (హ్యాండిల్ చెప్తే అకౌంటు చిరునామా ఇచ్చే పద్ధతి) ద్వారా ఎలా వెతుక్కుంటుందో, దొరికాక ఇన్‌బాక్స్ చిరునామా ఎక్కడి నుంచి తీసుకుంటుందో చూశాం. ఇంటిపని కూడా ఇచ్చాను గుర్తుందా? మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య వచ్చిన మెసేజీలు కొన్ని రాసుకుని, ఒక్కోదాని పక్కన అది ఎవరికి తెలిస్తే చాలో రాయమన్నాను. ఆ కాగితం బయటికి తీయండి. రాయనివాళ్ళు ఈ నాలుగూ వాడుకోండి.

"సెక్టార్ 6లో రేపు కుళాయి నీళ్ళు రావట, ఈ రాత్రికే పట్టుకోండి."

"మేం శుక్రవారం నుంచి పది రోజులు ఊళ్ళో ఉండం. పేపరు, పాలు వెయ్యొద్దని కాస్త చెప్పండి."

"ఈ వేళ కానాగంతలు దక్షిణం వైపు బాగా పడుతున్నాయి."

"ఆర్కే బీచ్ దగ్గర ఆరేళ్ళ బాబు తప్పిపోయాడు, ఎర్ర చొక్కా."

నాలుగోది ఎంత దూరం వెళ్తే అంత మంచిది. మొదటిది గాజువాక వాళ్ళకి పనికిరాదు, అయినా వెళ్తే నష్టం లేదు, విసుగు తప్ప. మూడోది పెదజాలారిపేట దాటిందంటే రాసినవాడి వేటకి వేరే బోట్లు పోటీకొస్తాయి. ఇక రెండోది చూడండి. ఇంటికి తాళం వేసి ఉందన్న కబురు అది. పక్కవాళ్ళకి తెలిస్తే సాయం, ఊరంతా తెలిస్తే దొంగకి పిలుపు. ఈ పాఠం పొడవునా ఆ రెండో మెసేజీనే పట్టుకుని నడుద్దాం. ఫెడరేషన్, అంటే వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి పోస్టులు పంచుకోవడం, అనగానే పోస్టు ఎంత దూరం పోతుందా అని మురిసిపోతాం గానీ, పేట నెట్‌వర్క్ డిజైన్‌లో సగం పని దాన్ని ఆపడమే.

పోస్టు ప్రయాణం

సెక్టార్ 6 పిన్నిగారు ఆ మెసేజీ టైప్ చేసి "పంపు" నొక్కారు అనుకుందాం. ఆవిడ సర్వర్ రెండు వస్తువులు తయారుచేస్తుంది. ఒకటి నోట్, అంటే ఆవిడ రాసిన మాట. రెండోది దాన్ని చుట్టిన క్రియేట్ అనే యాక్టివిటీ, అంటే "ఫలానా మనిషి ఫలానా నోట్ రాశారు" అన్న కబురు. రెండింటికీ "టు", "సీసీ" అని ఈమెయిల్‌లో చూసే గళ్ళే ఉంటాయి. 2018 జనవరి 23న వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ప్రకటించిన యాక్టివిటీపబ్‌లో, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిలో, ఎవరికి చేరాలన్నది చెప్పడానికి ఉన్నవి ఇలాంటి గళ్ళే. పైన వేరే తాళం ఏదీ ఉండదు.

ఆ గళ్ళలో ఒక మనిషి చిరునామా రాయొచ్చు, ఫాలోవర్ల జాబితా చిరునామా రాయొచ్చు, లేదా "పబ్లిక్" అనే ప్రత్యేక గుర్తు పెట్టొచ్చు. ఆ గుర్తు ఉంటే లోకం మొత్తం చూడొచ్చని అర్థం. సర్వర్ జాబితా విప్పి ఎవరెవరి ఇన్‌బాక్స్ ఎక్కడుందో చూసుకుంటుంది. పిన్నిగారిని ఫాలో అయ్యేవాళ్ళు గాజువాకలో నలభై మంది ఉన్నా నలభైసార్లు పంపక్కర్లేదు. ఆ సర్వర్ షేర్డ్ ఇన్‌బాక్స్‌కి ఒక్క కాపీ పంపితే మిగతా పంపకం అదే చూసుకుంటుంది. పంపే ముందు పిన్నిగారి ప్రైవేటు కీతో (ఆవిడ సర్వర్ దగ్గరే రహస్యంగా ఉండే తాళంచెవితో) సంతకం పడుతుంది. గాజువాక సర్వర్ ఆవిడ పబ్లిక్ కీ, అంటే ఆ సంతకం సరిచూడ్డానికి అందరికీ ఇచ్చే జోడు తాళంచెవి, తెప్పించుకుని, సంతకం సరిచూసి, పోస్టుని తన డేటాబేస్‌లో దాచుకుంటుంది.

ఆ "దాచుకుంటుంది" దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇక ఆ కాపీ మన చేతిలో లేదు. పిన్నిగారు మనసు మార్చుకుని పోస్టు తీసేస్తే మన సర్వర్ "డిలీట్" అనే యాక్టివిటీ పంపుతుంది, పద్ధతిగా నడిచే సర్వర్లు తమ కాపీని చెరిపేస్తాయి కూడా. కానీ అది విన్నపమే. ఆ సమయానికి పడిపోయి ఉన్న సర్వర్, అసలు పట్టించుకోని సర్వర్, వాటి దగ్గర పోస్టు అలాగే ఉంటుంది. శుభలేఖలు పంచేశాక ముహూర్తం మారితే అందరికీ ఫోన్ చేసి చెప్పగలం గానీ, ఇంటింటికీ వెళ్ళి కార్డులు వెనక్కి తెచ్చుకోలేం కదా. అందుకని హద్దు పంపకముందే తేలాలి.

ఉన్నవాటిలో ఏముంది?

2016లో వచ్చిన మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లో పోస్టుకి నాలుగు రకాల హద్దులున్నాయి: అందరికీ, అందరికీ కానీ టైమ్‌లైన్లలో గోల చేయకుండా, ఫాలోవర్లకి మాత్రమే, పేరు పెట్టి పిలిచినవాళ్ళకి మాత్రమే. నాలుగూ మనుషుల లెక్కే, చోటు లెక్క ఒక్కటీ లేదు. పిన్నిగారి ఫాలోవర్లలో హైదరాబాద్‌లో ఉన్న మేనకోడలు ఉంది, ఎప్పుడో ఏదో వంట వీడియోకి ఫాలో కొట్టిన ముక్కూ మొహం తెలియనివాళ్ళూ ఉన్నారు. మరోవైపు, పేపరు వేసే కుర్రాడిని తెలిసిన ఎదురింటాయన ఆవిడ్ని ఫాలో అవ్వడం లేదు. "ఫాలోవర్లకి మాత్రమే" అని పెడితే చేరాల్సినవాళ్ళకి చేరదు, చేరకూడనివాళ్ళకి చేరుతుంది.

సర్వర్ దాటకుండా పోస్టుని ఆపే ఏర్పాటు అలాంటివే అయిన మిస్కీలోను, అకోమాలోను, మాస్టొడాన్ నుంచి చీల్చుకున్న హోమ్‌టౌన్‌లోను ఉంది. కొత్తది కట్టేముందు వాటిలో ఒకదాన్ని వాడి చూడండి. మన డిజైన్‌లో పోస్టు చేరే దూరాన్ని మూడు వలయాలుగా పెట్టుకుందాం, ఇది మొదటి వలయం.

మొదటి వలయం: "మా కాలనీకి"

చూడ్డానికి చాలా తేలిక. డెలివరీ క్యూలో, అంటే బయటికి పంపాల్సినవాటి వరసలో, పెట్టకపోతే పోస్టు బయటికి పోదు, అంతేగా? అంతే కాదు. పోస్టు బయటికి పోయే దారి డెలివరీ ఒక్కటే కాదు, ఎవరైనా వచ్చి పట్టుకుపోవచ్చు కూడా. ప్రతి నోట్‌కీ ఒక యూఆర్‌ఎల్ ఉంటుంది. దాన్ని బయటి సర్వర్ అడిగితే ఏం చెప్పాలి? "అనుమతి లేదు" అని 403 చెప్తే, అలాంటిదొకటి ఉందని మనమే ఒప్పుకున్నట్టు. "అలాంటిదేం లేదు" అని 404 చెప్పించండి. ఆవిడ పోస్టులన్నీ చూపించే అవుట్‌బాక్స్ జాబితాలో అది రాకూడదు. ఆర్‌ఎస్‌ఎస్ (కొత్త పోస్టుల్ని బయటి యాప్‌లకి అందించే ఫీడ్) ఉంటే అందులో రాకూడదు. లాగిన్ కానివాళ్ళకి కనబడే ప్రొఫైల్ పేజీలోనూ రాకూడదు.

అందరూ మర్చిపోయేది ఫొటో. పోస్టుకి తాళం వేస్తారు, దానికి అతికించిన ఫొటో మాత్రం వేరే స్టోరేజీలో, లింకు ఉన్నవాళ్ళెవరైనా తెరిచేలా పడి ఉంటుంది. పిన్నిగారు తాళం వేసిన గేటు ఫొటో పెట్టారనుకోండి, ఇంకేముంది! కొద్దిసేపే పనిచేసే సంతకం చేసిన లింకులు ఇవ్వడమో, లాగిన్ చూశాకే ఫొటో పంపడమో చెయ్యాలి.

తర్వాత జవాబులు. ఎదురింటాయన "సరే అమ్మా, పది రోజులూ ఓ కన్నేసి ఉంచుతాం" అని జవాబు రాశారు. ఆయన అకౌంటులో మామూలు హద్దు "అందరికీ". అసలు పోస్టు లోపలే ఉండి, జవాబు మాత్రం ఊరేగుతుంది. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: జవాబు హద్దు అసలు పోస్టు హద్దు కంటే వెడల్పు కాకూడదు. యాప్‌లో ఆ బటన్లు మసకబారితే సరిపోదు, సర్వరే తోసిపుచ్చాలి.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఈ పోస్టులు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లో (పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప ఎవరూ చదవలేని తాళంలో) ఉండవు, సర్వర్ నడిపే అడ్మిన్ చదవగలడు. పెద్ద కంపెనీలో ఎవరో చదవడం వేరు, రోజూ రైతుబజారులో ఎదురుపడే మనిషి చదవడం వేరు. దీనికి 5వ పాఠం మొత్తం కేటాయించాను.

రెండో వలయం: "చుట్టుపక్కలకి"

ఎంవీపీ, పెదజాలారిపేట పక్కపక్కనే. కరెంటు కోత, రోడ్డు తవ్వకం లాంటివి రెండు చోట్లకీ కావాలి. దీనికోసం ఒక్కో సర్వర్ తన పొరుగు సర్వర్ల జాబితా ఒకటి పెట్టుకుంటుంది. ఇద్దరు అడ్మిన్లూ ఒప్పుకుంటేనే పొరుగు.

ఈ హద్దుని పోస్టులో ఎలా రాయాలన్నదే కిటుకు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి వెంటనే తట్టేది: "టు" గడిలో "పబ్లిక్" పెట్టి, కింద "పొరుగుకి మాత్రమే" అని మన సొంత గడి ఒకటి కలపడం. దయచేసి అలా చెయ్యకండి. యాక్టివిటీపబ్ సర్వర్లు తమకి తెలియని గడిని పక్కనపెట్టి మిగతాది చదువుతాయి. పోస్టు ఏ దారినో ఒక మామూలు మాస్టొడాన్ సర్వర్‌కి చేరితే, అది మన గడిని వదిలేసి "పబ్లిక్" చూసి అందరికీ చూపిస్తుంది. తప్పు దానిది కాదు, మనం రాసిందే అది. హద్దుని ప్రమాణంలో ఉన్న గళ్ళలోనే చెప్పాలి. "టు"లో మన పొరుగు జాబితా చిరునామా పెట్టండి, "పబ్లిక్" ఎక్కడా పెట్టకండి. అర్థం కాని సర్వర్ తక్కువమందికి చూపిస్తుంది తప్ప ఎక్కువమందికి చూపించదు. పొరపాటు జరిగితే తలుపు మూసుకుపోవాలి గానీ తెరుచుకోకూడదు.

మూడో వలయం: "అందరికీ"

ఇక్కడ ఆపడం అక్కర్లేదు, మూలం పోకుండా చూడాలి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైన రోజు రాత్రి, మళ్ళీ లీకవుతోందన్న మాట పాకి చుట్టుపక్కల జనం రోడ్లమీదికొచ్చారు. వాట్సాప్ ఫార్వర్డ్‌లో మెసేజీ ఉంటుంది, మొదట రాసిందెవరో ఉండదు. తర్వాత ఎవరైనా సరిదిద్దినా ఆ దిద్దుబాటు పాత మెసేజీ వెంట పోదు.

యాక్టివిటీపబ్‌లో పోస్టుని ముందుకి పంపేది "అనౌన్స్". అందులో ఉండేది అసలు పోస్టు చిరునామా. అందుకున్న సర్వర్ ఆ చిరునామా పట్టుకుని మూలం దగ్గరికే వెళ్ళి పోస్టు తెచ్చుకుంటుంది. రాసినవాళ్ళు దిద్దితే "అప్‌డేట్" వెళ్తుంది. మన సర్వర్ ఆ అప్‌డేట్‌ని ఫాలోవర్లకే కాక, అనౌన్స్ చేసినవాళ్ళ సర్వర్లన్నింటికీ పంపేలా రాసుకోండి. బాబు దొరికాక "దొరికాడు" అన్న మాట వెతికినవాళ్ళందరికీ అందాలి కదా.

గడువు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున కాలనీలో ఎవరింట్లోనో పెట్టిన సర్వర్ కూడా కాలనీతోపాటే పడిపోతుంది, కాబట్టి నెట్‌వర్క్ మనదైనా మెషీన్ వేరే ఊళ్ళో అద్దెకి తీసుకోవడమే మంచిదని నా మాట. ఫోన్ సిగ్నలే లేకపోతే అదీ పనిచేయదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. అవతలి సర్వర్ పలకకపోతే కాసేపాగి మళ్ళీ పంపమనే ప్రమాణం చెబుతోంది. దాంతో వచ్చే చిక్కేమిటంటే, "సాయంత్రం నీళ్ళ ట్యాంకర్ వస్తుంది, బిందెలు తెచ్చుకోండి" అన్నది రెండు రోజుల తర్వాత తాజాగా వచ్చినట్టు కనబడుతుంది. ప్రమాణంలో "ఎండ్‌టైమ్" అనే గడి ఉంది. పేట పోస్టులకి దాన్ని వాడండి, గడువు దాటాక మళ్ళీ పంపడం మానెయ్యండి. ఆ గడిని పట్టించుకోని సర్వర్లుంటాయి గనక తేదీ, టైము మెసేజీలోనే రాయమని యాప్ గుర్తు చేస్తే ఇంకా మేలు.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది, యాప్ తెరవగానే ఏ హద్దు ఎంచి ఉండాలన్నది. చాలామంది ఆ బటన్ జోలికే పోరు. నేనైతే "మా కాలనీకి" అనే పెడతాను. నెట్‌వర్క్ నెమ్మదిగా పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇంటిపని

మీ కాగితంలోని ఒక్కో మెసేజీకి వలయం, గడువు రాయండి. తర్వాత పిన్నిగారి పోస్టుకి చిన్న మార్పు చేసి చూడండి: ఆవిడ "మా కాలనీకి" అని ఎంచి, మెసేజీలోనే హైదరాబాద్ మేనకోడలి హ్యాండిల్ రాశారు. మేనకోడలికి వెళ్ళాలా, వద్దా? వెళ్తే "టు"లో ఏముంటుంది, ఆమె జవాబు ఏ వలయంలో పడుతుంది, ఆ జవాబు ఎదురింటాయనకి కనబడాలా? అరపేజీలో రాయండి. 4వ పాఠం, కాలనీ పేరు మీదే ఒక గ్రూపు అకౌంటు పెట్టడం, మీ జవాబుల నుంచే మొదలవుతుంది.