పిల్లల ఆటను గమనించి అర్థం చేసుకోవడం ఎలా?

ముందుగా ఒక్క బిడ్డను, ఆ బిడ్డ తనంతట తాను ఆడుకునే ఒక్క చోటును ఎంచుకోండి. ఇంటి వాకిలి, అంగన్‌వాడీ ఆవరణ, అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ స్థలం, ఏదైనా సరే. కాస్త దూరంగా కూర్చుని పది పదిహేను నిమిషాలు చూస్తే చాలు. ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెడితే పిల్లలు ఆట మాని మన కోసం నటిస్తారు కనుక, నోటు పుస్తకమే మేలు. ఏం రాస్తున్నారని వాళ్లు అడిగితే, మీ ఆట రాసుకుంటున్నానని చెప్పి ఊరుకోవాలి.

అసలు కష్టం రాయడంలో ఉంది. "పాప హాయిగా ఆడుకుంది" అన్నది మన అభిప్రాయమే తప్ప పరిశీలన కాదు. చేసిన పనినీ అన్న మాటనూ ఉన్నదున్నట్టు ఇలా రాయాలి: "నాలుగేళ్ల పాప కొబ్బరి చిప్పలో ఇసుక పోసి పుల్లతో కలిపింది. 'ఇంకా ఉడకలేదు' అంది. పక్కనున్న బాబు చెయ్యి చాపితే, 'ముందు చేతులు కడుక్కో' అంది. వాడు నీళ్లు లేకుండానే చేతులు రుద్దుకుని వచ్చి కూర్చున్నాడు."

సిద్ధాంతం అవసరం ఇక్కడి నుంచి మొదలవుతుంది, అంతకుముందు కాదు. ఇసుకను అన్నంగా భావించడం స్విస్ మనస్తత్వవేత్త పియాజే చెప్పిన ప్రతీకాత్మక క్రీడ, అంటే ఒక వస్తువును మరొకటిగా ఊహించుకుని ఆడడం. కానీ ఆ బాబు చేతులు ఎందుకు రుద్దుకున్నాడో తెలియాలంటే సోవియట్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ దగ్గరికి వెళ్లాలి. ఊహతో ఆడే ఆటలోనూ నియమాలుంటాయని, పిల్లలు తీసుకున్న పాత్రే వాటిని విధిస్తుందని ఆయన 1933లో ఒక ఉపన్యాసంలో వివరించారు. అన్నానికి కూర్చునేవాడు చేతులు కడుక్కోవాలి. నీళ్లు లేకపోయినా ఆ నియమం తప్పలేదు.

ఎవరితో కలిసి ఆడుతున్నారన్నది చూడడానికి అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన విభజన పనికొస్తుంది. ఏ ఆటలోనూ లేకపోవడం, పక్కనుండి చూడడం, ఒంటరి ఆట, పక్కపక్కనే ఎవరికి వారు ఆడడం, కలివిడి ఆట, పనులు పంచుకుని ఆడడం అని ఆమె ఆరు రకాలు చేశారు. ఆమె లాగే ఒక్కో బిడ్డను ఒక్కో నిమిషం చూసి, ఆ ఆట ఏ రకమో రాసుకోవచ్చు. అయితే దీన్ని మార్కుల పట్టికగా వాడకూడదు. ఒంటరిగా గంటసేపు ఇటుక ముక్కలతో ఇల్లు కట్టే పిల్లవాడు వెనకబడినవాడు కాడు. ఆటలో అరటిపండుగా చేరిన చిన్నవాడు కూడా, దొంగ ఎవరో, ఎటు పరిగెత్తాలో నేర్చుకుంటూనే ఉంటాడు.

గోలీలు, తొక్కుడు బిళ్ల వంటి ఆటల్లో తగాదాను ఆపడానికి తొందరపడకండి. పెద్దగా దెబ్బలు తగలనంత వరకు, ఎవరు "తూచ్" అన్నారో, ఎవరు ఒప్పుకోలేదో, చివరికి ఎలా తేల్చుకున్నారో రాయండి. పియాజే స్విట్జర్లాండ్ పిల్లలతో గోలీల ఆట గురించే మాట్లాడి, నియమాలు మారవని చిన్నవాళ్లు నమ్ముతారని, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని కాస్త పెద్ద పిల్లలు గ్రహిస్తారని చూపారు. ఆట ముగిశాక మీరూ అదే అడగవచ్చు: "ఈ రూలు మార్చుకోవచ్చా? ఎవరు మార్చాలి?"

తర్వాత అదే బిడ్డను వేరే రోజుల్లో, వేరే చోట్ల, వేరే జట్టుతో చూడండి. పదేపదే కనబడినదాన్ని మాత్రమే ఆ బిడ్డ తీరుగా రాసుకుని, ఒక్కసారే కనబడినదాని పక్కన తేదీ, స్థలం వేసి అలాగే ఉంచండి.