గలాగాలో రెండు ఫైటర్లను జత చేయడం ఎలా?

గలాగా అంటే కింద ఉన్న మన ఓడతో, అంటే ఫైటర్‌తో, పైనుంచి దిగే శత్రువులను కాల్చే వీడియో గేమ్. నామ్కో కంపెనీ 1981లో తెచ్చిన ఈ ఆటను ఇప్పుడు ఇంట్లో ఆడేవాళ్లలో చాలామంది జంట ఫైటర్ (శత్రువుకు పట్టుబడిన ఫైటర్‌ను విడిపించి, ఉన్నదానితో జత చేయడం) కోసం ప్రయత్నించి, ఉన్న లైఫులు కూడా పోగొట్టుకుంటున్నారు. లోపం చేతివేగంలో లేదు, చేసే వరుసలో ఉంది.

ముందు సరైన గలాగా కొనండి. నింటెండో స్విచ్‌లో 2017 నాటి నామ్కో మ్యూజియం అనే ఆటల సంకలనం తీసుకుంటే అసలు ఆర్కేడ్ గలాగా వస్తుంది, గలాగా '88 కూడా ఉంటుంది. ప్లేస్టేషన్ 4 ఉంటే ఆర్కేడ్ ఆర్కైవ్స్ సిరీస్‌లోది తీసుకోండి. 2020లో వచ్చిన నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో ఉన్నది నింటెండో పాత ఇంటి కన్సోల్ ఫామికామ్ కోసం చేసిన గలాగా, దాని స్క్రీన్ అడ్డంగా ఉంటుంది. పేరు చూసి అది కొనకండి. 2008 నాటి గలాగా లెజియన్స్ అసలు వేరే ఆట.

అసలు గలాగా స్క్రీన్ నిలువు, 224×288. టీవీలో రెండు పక్కలా నల్లగా ఉంటే ఉండనివ్వండి, సాగదీస్తే తూటా ఎక్కడ పడుతుందో అంచనా తప్పుతుంది. మానిటర్‌ను నిలువుగా తిప్పి ఆడటమే పద్ధతి. బెజవాడ గవర్నర్‌పేటలో సెకండ్ హ్యాండ్ మానిటర్ చూస్తుంటే వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయేమో కొలవండి. అవి లేకపోతే తిప్పే ఆర్మ్ బిగించలేరు. టీవీ అయితే గేమ్ మోడ్ (బటన్ నొక్కిన దానికీ స్క్రీన్‌కీ మధ్య ఆలస్యం తగ్గించే సెట్టింగ్) పెట్టండి. కంట్రోలర్‌లో అనలాగ్ స్టిక్ వద్దు, డీ-ప్యాడ్ (దిక్కుల బటన్) చాలు; ఈ ఆటకు కావలసింది ఎడమ, కుడి మాత్రమే. టర్బో ఫైర్ (బటన్ నొక్కి పట్టుకుంటే వరుసగా కాల్చేది) ఉంటే తీసేయండి, ఎందుకో కింద తెలుస్తుంది. బెజవాడ మే నెలలో ఆడేటట్లయితే టీవీని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టుకోండి, పక్కన నూలు తువ్వాలు ఉంచుకోండి. చెమట చేతికి బటన్ జారుతుంది.

ఇక అసలు పని. ఇది మొదటి స్టేజీలోనే చేయాలి. అక్కడ శత్రువులు నెమ్మదిగా దిగుతారు, పైగా మూడో స్టేజీ ఛాలెంజింగ్ స్టేజీ, అంటే బోనస్ పాయింట్ల స్టేజీ. జంట ఫైటర్‌తో అక్కడికి చేరితే 40 శత్రువులనూ కొట్టి 10,000 బోనస్ తెచ్చుకోవడం చాలా తేలిక.

శత్రువుల పై వరుసలో నాలుగు బాస్‌లు ఉంటాయి. ఒక్కోదానికి రెండు దెబ్బలు తగలాలి. మొదటి దెబ్బకు ఆకుపచ్చ పోయి నీలం అవుతుంది, రెండో దెబ్బకు చస్తుంది. కింది వరుసల శత్రువులైన తేనెటీగలనూ సీతాకోకచిలుకలనూ చాలావరకు తగ్గించి బాస్‌లను వదిలేయండి. బీమ్ (ఫైటర్‌ను పైకి లాగేసే కిరణం) వేయడానికి దిగుతున్న బాస్‌ను ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొట్టండి. నీలం అయిందా, బటన్ మీద నుంచి వేలు తీసేయండి. బీమ్ పరుచుకున్నాక దాని మధ్యలోకి వెళ్లండి. ఫైటర్ గిరగిరా తిరుగుతూ పైకి పోతుంది, ఎర్రగా మారి బాస్ వెనక చేరుతుంది. మీ తర్వాతి ఫైటర్‌తో, ఆ బాస్ మళ్లీ దిగుతున్నప్పుడు చంపితే అది విడిపోయి మీతో జత కలుస్తుంది.

ముందే ఆ దెబ్బ ఎందుకంటే, పట్టుబడిన ఫైటర్ బాస్ వెంటే దిగుతుంది. ఆకుపచ్చ బాస్‌ను అప్పుడు చంపాలంటే రెండు తూటాలు కావాలి, దాంతో బటన్ టకటకా నొక్కేస్తారు. స్క్రీన్ మీద మీ తూటాలు ఒకేసారి రెండు ఉండొచ్చు కాబట్టి, మొదటిది బాస్‌ను దాటిపోయినా, అదనంగా ఒకటి వెళ్లినా అది మీ ఫైటర్‌నే తగులుతుంది. ఆ ఫైటర్ ఇక రాదు. నీలం బాస్‌కు ఒక్క నొక్కు సరిపోతుంది. గురి కుదరకపోతే వదిలేయండి, అది మళ్లీ దిగుతుంది.

ఇంకో పెద్ద తప్పు, వరుసలో నిలబడి ఉన్న బాస్‌ను కొట్టడం. అలా చంపితే ఫైటర్ మీతో కలవదు, శత్రువై మీ మీదకే వస్తుంది. బాస్ దిగుతూ ఉన్నప్పుడే కొట్టాలి. అందుకే దాని కింద ఉన్న మిగతావాటిని ముందే ఖాళీ చేసుకోవాలి, లేకపోతే వాటి కోసం వేసిన తూటా పొరపాటున బాస్‌కు తగులుతుంది.

ఎడమ చివర రెండు తేనెటీగలను మిగిల్చి పావుగంట తప్పించుకుంటూ తిరిగితే శత్రువులు కాల్చడం మానేస్తారనే కిటుకును కొందరు గొప్పగా చెబుతారు. అసలు ఆర్కేడ్ మెషీన్ బోర్డులో ఉన్న లోపమే అది, నిజంగానే పనిచేస్తుంది. కానీ తూటాలు రాని గలాగాలో తప్పించుకోవడానికి ఏముంది? జంట ఫైటర్‌తో ఆడితే ఆట ఆటలాగే ఉంటుంది, దెబ్బ మాత్రం రెట్టింపు.

జత కుదిరాక మీ వెడల్పు కూడా రెట్టింపే. అంచులకు పోకుండా మధ్యలో ఉండండి. ఒకటి పోతే నాలుగో స్టేజీలో మళ్లీ ఇదే వరుసలో చేయండి, లైఫ్ మిగిలి ఉంటేనే. చివరి ఫైటర్‌తో బీమ్‌లోకి వెళ్తే ఆట అక్కడితో అయిపోతుంది.