పట్టాయాలో జేబు చిల్లు పడకుండా మన భోజనం

థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో ఇండియన్ హోటళ్లకు కొదవ లేదు. వాకింగ్ స్ట్రీట్, బీచ్ రోడ్డు వైపు మెనూ కార్డు పట్టుకుని "నమస్తే, దాల్, రోటీ" అని పిలిచేవాళ్లు అడుగడుగునా తగులుతారు. ఆగకండి. అక్కడి అద్దె కూడా మన పప్పులోనే కలుస్తుంది.

మొదటిరోజు అమ్మ ఆకలికి ఆగలేక అలాంటి చోటే కూర్చున్నాం. మెనూలో ధర పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులు ఉంటే నేను పట్టించుకోలేదు. 10 శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 7 శాతం వ్యాట్ అని వాటి అర్థమట! 300 బాత్ అనుకున్నది 353 అయింది. అందుకే కూర్చోకముందే "ఇదే ఫైనల్ రేటా? కూరతో అన్నం ఇస్తారా, విడిగా కొనాలా?" అని అడిగేయండి. నీళ్ల సీసా సెవెన్ ఎలెవెన్ దుకాణంలో కొనుక్కుని వెళ్లడమే నయం.

మంచి చోటు కావాలంటే సూట్లు కుట్టే టైలర్ షాపుల్లో అడగండి. వాటిలో మనదేశం వాళ్లు, నేపాలీలు చాలామంది పనిచేస్తారు. "సూట్ వద్దు భయ్యా, మధ్యాహ్నం మీరెక్కడ తింటారు?" అని నాకొచ్చిన హిందీలో అడిగితే ఒకాయన నవ్వేసి, సెకండ్ రోడ్డు వెనక సందు చూపించాడు. అక్కడి చిన్న హోటల్లో నాలుగే బల్లలు. పప్పులో జీలకర్ర తాలింపు ఇంకా చిటపటలాడుతోంది. అమ్మ బ్యాగులోంచి కందిపొడి తీస్తే ఓనరు తనకూ ఓ చెంచా వేయించుకున్నాడు.

మ్యాప్‌లో వెతికితే స్టార్ రేటింగ్ కాదు, కొత్త రివ్యూల్లో బిల్లు ఫొటోలు చూడండి. టూర్ బస్సులు ఆగే బఫేకి మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లకండి, రోటీలు అట్టముక్కలైపోతాయి.