ఎస్‌ఎస్‌బీ మెడికల్: ఎక్కడ ఆగిపోతున్నారు, ముందే ఏం చేసుకోవాలి

సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లో ఆఫీసర్ కావడానికి రాసే ఎన్‌డీఏ (ఇంటర్ స్థాయి), సీడీఎస్ (డిగ్రీ స్థాయి), ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన పరీక్ష)... ఏ దారిలో వెళ్లినా ఎస్‌ఎస్‌బీలో, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూల్లో రికమెండ్ అయ్యాక మిగిలేది మెడికల్, అంటే వైద్య పరీక్ష. ఐదు రోజుల పరీక్షలు, ఇంటర్వ్యూ గట్టెక్కినవాళ్లు చెవిలో గులిమి దగ్గర ఆగిపోతే ఎంత ఉసూరుమంటుందో చెప్పక్కర్లేదు. రికమెండ్ అయినవాళ్లను దాదాపు వెంటనే మిలిటరీ ఆస్పత్రికి పంపేస్తారు కాబట్టి, అప్పుడు సరిచేసుకుందాం అనుకుంటే టైమే ఉండదు. కింద చెప్పేవన్నీ రాతపరీక్షకు అప్లై చేసినప్పుడే చూసుకోవాల్సినవి. గులిమి, ముక్కు దూలం వంకర, వరిబీజం, మొలలు, బరువు, టాన్సిల్స్ వంటివి ముందే సరిచేసుకోమని యూపీఎస్సీ ఎన్‌డీఏ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మనవాళ్లు సిలబస్ చూసి ఫైల్ మూసేస్తారు.

రెండు మాటలు తెలిసి ఉండాలి. టీఆర్ అంటే తాత్కాలిక తిరస్కరణ, పీఆర్ అంటే శాశ్వత తిరస్కరణ.

సమస్య: చెవిపొర కనిపించట్లేదని టీఆర్

కారణం: గులిమి. బడ్స్‌తో తీస్తున్నామనుకుంటూ చాలామంది దాన్ని ఇంకా లోపలికి నెట్టేస్తారు. పొర కనిపించకపోతే డాక్టర్ చెవి బాగుందని రాయలేరు.

పరిష్కారం: రెండు మూడు వారాల ముందు ఈఎన్‌టీ డాక్టర్‌తో తీయించుకోండి. ముందురోజు వద్దు, చెవి లోపల ఎర్రబడి అదో కొత్త అనుమానం అవుతుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు అసలే వద్దు. 610 సెంటీమీటర్ల దూరం నుంచి గుసగుసగా చెప్పిన మాట ఒక్కో చెవికీ వినిపించాలి, ఇంట్లో ఎవరితోనైనా చెప్పించుకుని చూసుకోండి.

సమస్య: ఇంట్లో నార్మల్‌గా ఉన్న బీపీ, అక్కడ ఎక్కువ

కారణం: చాలాసార్లు టెన్షనే. దానికి తోడు రాత్రి నిద్ర లేకపోవడం, పొద్దున్నే రెండు కాఫీలు. 140/90 దాటి అలాగే నిలబడితే ఇబ్బంది. విశ్రాంతిలో నాడి 100 దాటినా ప్రశ్నలొస్తాయి.

పరిష్కారం: ముందు అసలు బీపీ ఉందో లేదో తేల్చుకోవాలి. రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక కొలిచి రాసుకోండి. ఇంట్లోనూ ఎక్కువే ఉంటే అది టెన్షన్ కాదు, ఫిజీషియన్‌కు చూపించండి. ఇంట్లో బాగుండి బయటే పెరుగుతుంటే, పట్టీ చేతికి చుట్టగానే గుండె దడదడలాడటం మీకు అలవాటైపోయిందన్నమాట. అలాంటివాళ్లు వేర్వేరు క్లినిక్‌లలో, తెలియని మనుషుల చేత బీపీ చూపించుకుంటూ ఉంటే కొన్నాళ్లకు ఆ పట్టీ మామూలు విషయమైపోతుంది. అనుమానం ఉంటే 24 గంటల బీపీ రికార్డింగ్ అనే పరీక్ష కూడా ఉంది. ఎవరో సీనియర్ చెప్పాడని గుండె వేగం తగ్గించే మాత్ర దాచి వేసుకోవడం మాత్రం తెలివితక్కువ పని. ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం కూడా.

సమస్య: రక్తం, మూత్రం రిపోర్టుల్లో తేడాలు

కారణం: రోగం కన్నా చివరి వారం చేసిన హడావుడే ఎక్కువసార్లు. బరువు తగ్గాలని తిండి మానేస్తారు. గిల్బర్ట్ అనే పుట్టుకతో వచ్చే లక్షణం ఉన్నవాళ్లకు ఉపవాసంతో లివర్ పరీక్షలో చూసే బిలిరుబిన్ పెరుగుతుంది. ఒళ్లు హూనమయ్యేలా జిమ్ చేస్తే కండరాల నుంచి ఎంజైములు రక్తంలోకి వచ్చి లివర్ పరీక్షల్లోనూ కనిపిస్తాయి, మూత్రంలో ప్రొటీన్ కూడా పోవచ్చు. జిమ్‌కు వెళ్లేవాళ్లు తీసుకునే క్రియాటిన్ పొడి వాడితే రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగి, కిడ్నీల మీద అనుమానం పడుతుంది.

పరిష్కారం: బరువు నెలల తరబడి నెమ్మదిగా తగ్గాలి. చివరి వారం నడక చాలు. పొడులు కొన్ని వారాల ముందే ఆపేయండి. నీళ్లు మామూలుగా తాగండి. అమ్మాయిలు పరీక్ష రోజుల్లో పీరియడ్స్ ఉంటే ఆ సంగతి లేడీ డాక్టర్‌కు ముందే చెప్పాలి, లేకపోతే మూత్రంలో రక్తకణాలని రాస్తారు.

సమస్య: గజ్జల్లో తామర

కారణం: మన ఎండలు, చెమట, హాస్టల్లో ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడటం. అసలు చేటు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీముతో జరుగుతుంది. రెండు రోజులు దురద తగ్గుతుంది, ఆపగానే ఇంకా పెద్దగా పాకుతుంది.

పరిష్కారం: చర్మ వైద్యుడు చెప్పిన మందు, చెప్పినన్ని వారాలు. మచ్చ కనబడట్లేదని మధ్యలో ఆపొద్దు. ఇది వారంలో తేలే పని కాదు.

సమస్య: మోకాళ్లు రాసుకుంటున్నాయి, పాదం చదును

కారణం: ఎముకల తీరు కొందరికి, తొడల లావు కొందరికి. మోకాళ్లు ఆనించి నిలబడితే చీలమండల మధ్య దూరం అబ్బాయిలకు 5, అమ్మాయిలకు 8 సెంటీమీటర్లు దాటకూడదు.

పరిష్కారం: లావు వల్లయితే బరువు తగ్గితే తేడా కనిపిస్తుంది. ఎముకదైతే ఎదుగుదల ఆగాక వ్యాయామంతో మారదు, నెలలో సరిచేస్తామనే వీడియోలను నమ్మకండి. ఆర్థోపెడిక్ డాక్టర్‌తో కొలిపించుకుని నిజం తెలుసుకోవడం మేలు. పాదం విషయానికొస్తే, మునివేళ్లపై లేచినప్పుడు వంపు కనిపిస్తే భయం లేదు. అప్పుడూ చదునుగానే ఉంటే కష్టం.

సమస్య: కళ్లు

లేసిక్ (చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే అన్నీ తీరిపోతాయనుకోవద్దు. ఎన్‌డీఏకి లేసిక్ ఒప్పుకోరు. సీడీఎస్ దారిలో ఒప్పుకున్నా 20 ఏళ్లు నిండాకే ఆపరేషన్ జరిగి ఉండాలి, 12 నెలలు గడవాలి, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు. రంగుల గుర్తింపు లోపానికి వైద్యం లేదు, కాబట్టి కోచింగ్ ఫీజు కట్టకముందే, రంగు చుక్కల్లో అంకెలు గుర్తుపట్టే ఇషిహారా పరీక్ష చేయించుకోండి.

మిగిలినవి

పిప్పి పళ్లు ఫిల్లింగ్‌తో పోతాయి, పళ్లకు లెక్కగట్టే డెంటల్ పాయింట్లు కనీసం 14 ఉండాలి. హెర్నియా ఆపరేషన్ అయితే కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఆలస్యం చేయొద్దు. పచ్చబొట్టు ముంజేయి లోపలివైపు, అరచేతి వెనక ఉంటే సరే. ఛాతీ మీద అమ్మ పేరైనా సరే ఒప్పుకోరు. గిరిజన ఆచారంగా వేసుకున్నవాటికి మినహాయింపు ఉంది.

సమస్య: టీఆర్ లేదా పీఆర్ వచ్చేసింది

మళ్లీ పరీక్షించే అప్పీల్ మెడికల్ బోర్డుకు వెళ్లడానికి 42 రోజులు ఉంటాయి. ఏ కారణం రాశారో అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, ఇంటికి రాగానే ఆ విభాగం స్పెషలిస్టును కలవండి. రిపోర్టులు తీసుకెళ్లండి, అయినా బోర్డు తన పరీక్ష తాను చేస్తుంది. అక్కడా కాకపోతే రివ్యూ మెడికల్ బోర్డు ఉంది గానీ, అది అడిగినవాళ్లందరికీ దక్కదు. ఈ 42 రోజుల్లోనే, డబ్బిస్తే ఫిట్ చేయిస్తామంటూ ఫోన్లు చేసేవాళ్లు తగులుతారు. అలాంటివాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.